డాక్టరు ఫోన్లో కనిపిస్తే చాలదు, కట్టు కట్టే చెయ్యి ఊళ్లో ఉండాలి

(మండల కార్యకర్తల శిక్షణ తరగతిలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

రైతు సంఘం తరగతి అంటే మద్దతు ధర, పంట బీమా, కౌలు కార్డులు, కాలువ చివరి భూములకు నీళ్లు, ఇవే ఉంటాయనుకుని వస్తాం. ఈసారి ఎజెండాలో "మానని పుండ్లు, టెలిమెడిసిన్" అని చూసి, "ఇది రైతుల మీటింగా, డాక్టర్ల మీటింగా?" అని కొందరు నవ్వారు. నవ్వినా ఫర్వాలేదు. కానీ మన ఊళ్లో ఏ ఇంటి అప్పు లెక్క తీసినా విత్తనాలు, ఎరువులు, కౌలు తర్వాత వచ్చే పద్దు ఆసుపత్రిదే. అందులో చప్పుడు లేకుండా నెలల తరబడి పెరిగే పద్దు కాలి పుండుది.

గుండెపోటు వస్తే ఊరంతా కదులుతుంది, 108 వస్తుంది. పాము కరిస్తే పది మంది పరుగెత్తుతారు. కాలి పుండుకు ఎవరూ కదలరు. పుండు ఉన్న మనిషే కదలడు. గుడ్డ చుట్టుకుని చేలోకి పోతాడు. రెండు నెలలకు వేలు నల్లబడుతుంది, మూడో నెలలో పట్నం ఆసుపత్రిలో వేలో పాదమో తీసేస్తారు. రైతుకు, కూలీకి కాలు పోవడమంటే బతుకుతెరువు పోవడమే. అందుకే ఇది మన మీటింగే.

పుండు ఎందుకు మానదు

మామూలు గాయం రెండు మూడు వారాల్లో మానుతుంది. నెల దాటినా మానలేదంటే లోపల కారణం ఉన్నట్టు. మన పల్లెల్లో ముఖ్యంగా నాలుగు రకాలు చూస్తున్నాం.

మొదటిది షుగరు పుండు. భారత వైద్య పరిశోధన మండలి చేయించిన దేశవ్యాప్త సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దాని ప్రకారం దేశంలో షుగరు ఉన్నవారు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది. వచ్చే దశలో ఉన్నవారు మరో 13 కోట్ల 60 లక్షలు. షుగరు పట్నాల జబ్బు, కూర్చుని తినేవాళ్ల జబ్బు అనే మాట ఇక చెల్లదు. ఏళ్ల తరబడి షుగరు అదుపులో లేకపోతే పాదంలో స్పర్శ పోతుంది. ముల్లు గుచ్చుకున్నా, చెప్పులో రాయి దూరినా, ఎండకు కాలిన గట్టు మీద నడిచి బొబ్బ లేచినా తెలియదు. నొప్పి లేదు కాబట్టి ఏమీ కాలేదనుకుంటాం. నిజానికి నొప్పి లేకపోవడమే ప్రమాదం. దానికితోడు పాదానికి రక్తం సరిగా అందకపోతే పుండు మానే శక్తి కూడా ఉండదు. షుగరు వల్ల కాలు తీసేయాల్సి వచ్చిన ప్రతి వంద మందిలో సుమారు 85 మందికి అంతకుముందు పాదం మీద పుండు ఉంటుందని వైద్యులు చెబుతారు. అంటే కాలు ఒక్కరోజులో పోదు. హెచ్చరించే పోతుంది.

రెండోది ఉబ్బిన నరాల పుండు. చీలమండ పైన, లోపలి వైపు వస్తుంది. గంటల తరబడి నిలబడి పనిచేసేవాళ్లలో ఎక్కువగా చూస్తాం. మూడోది కుష్టు వల్ల స్పర్శ పోయిన పాదాల్లో వచ్చే పుండు. మందులతో జబ్బు నయమైనా పోయిన స్పర్శ చాలామందిలో తిరిగి రాదు, పుండు మాత్రం మళ్లీ మళ్లీ వస్తుంది. నాలుగోది మంచంలో ఉన్న ముసలివాళ్లకు, పక్షవాతం వచ్చినవాళ్లకు నడుము కింద, మడమల మీద పడే ఒత్తిడి పుండు. ఇవి కాక బోదకాలు పుండ్లు, పాము కాటు తర్వాత కండ కుళ్లి మిగిలే పుండ్లు కూడా ఉన్నాయి.

ఈ నాలుగింటికీ ఒకే మందు లేదు. ఉబ్బిన నరాల పుండుకు గట్టిగా కట్టే పట్టీ వైద్యం. రక్తం అందని కాలికి అదే పట్టీ బిగిస్తే కాలికే ముప్పు. ఏ పుండు ఏదో తేల్చేవాళ్లు కావాలి. తేల్చకుండా అందరికీ ఒకే సూది, ఒకే పౌడరు వేస్తుండబట్టే పుండ్లు ముదురుతున్నాయి.

ఒక కౌలు రైతు సంగతి

మన జిల్లాలోనే ఒక కౌలు రైతుకు పత్తి చేలో కంప ముల్లు అరికాల్లో విరిగింది. షుగరు ఉందని తెలుసు, మాత్రలు ఉన్నప్పుడు వేసుకుంటాడు, లేనప్పుడు మానేస్తాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నలభై రోజులు సూదులు వేయించుకున్నాడు. మధ్యలో పసుపు, కాఫీ పొడి, పొగాకు అన్నీ అయ్యాయి. ఉపకేంద్రానికి పోతే దూది ఉంది, కట్టు గుడ్డ లేదు అన్నారు. పెద్దాసుపత్రికి పోవాలంటే రెండు బస్సులు మారాలి, తోడు మనిషి కావాలి, ఇద్దరి కూలి పోవాలి. రెండుసార్లు వెళ్లాడు, మూడోసారి పోలేదు. చివరికి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రెండు వేళ్లు తీశారు. బంగారం కుదువపెట్టారు, మరుసటి ఏడు కౌలు వదులుకున్నారు.

ఈ కథలో లోపం ఎక్కడ? డాక్టరు లేడని కాదు, ఉన్నాడు, అరవై కిలోమీటర్ల దూరంలో. మందు లేదని కాదు. మొదటి పది రోజుల్లో ఆ అరికాలును తెలిసిన కన్ను ఒకటి చూడలేదు. ఆ తర్వాత వారం వారం చూసే ఏర్పాటు లేదు. టెలిమెడిసిన్ సంగతి ఇక్కడే వస్తుంది.

ఫోను ఏం చేయగలదు

ఈ మాట మనకు కొత్త కాదు. 2000 సంవత్సరంలోనే చిత్తూరు జిల్లా అరగొండలో ఒక కార్పొరేట్ ఆసుపత్రి గ్రామీణ టెలిమెడిసిన్ కేంద్రం పెట్టింది. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పల్లెల్లో విజన్ సెంటర్లు నడుపుతోంది. అక్కడ శిక్షణ పొందిన స్థానిక యువతీ యువకులు కంటిని పరీక్షిస్తారు, అవసరమైతే దూరాన ఉన్న డాక్టరుకు చూపిస్తారు. ప్రభుత్వ రంగంలో ఈ-సంజీవని 2019 నవంబరులో మొదలైంది. ఊరి ఆరోగ్య కేంద్రంలోని సిబ్బంది దూరాన ఉన్న డాక్టరుతో రోగిని మాట్లాడించే ఆ విధానం దేశంలో మొదట అమలైంది ఆంధ్రప్రదేశ్‌లోనే. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, ఇంటి నుంచే డాక్టరుతో మాట్లాడే సదుపాయం కలిపారు. దీనికి ఫీజు లేదు.

అంటే తీగ ఉంది, యంత్రం ఉంది, పేరు ఉంది. దాన్ని పుండుకు వాడుకోవడం తెలియాలి.

పుండు కంటికి కనిపించే జబ్బు. ఫొటోలో చాలా తెలుస్తుంది: ఎంత వెడల్పు, రంగు ఎర్రగా ఉందా, పసుపుగా ఉందా, నల్లగా ఉందా, అంచులు ఎలా ఉన్నాయి, చుట్టూ వాపు ఎంత. అన్నింటికన్నా ముఖ్యం, పోయిన వారం ఫొటో పక్కన ఈ వారం ఫొటో పెడితే పుండు తగ్గుతోందో పెరుగుతోందో ఇట్టే తెలుస్తుంది. దీనికోసం రెండు బస్సులు మారక్కర్లేదు. పదిసార్లు పట్నం తిరగాల్సిన చోట రెండు మూడుసార్లతో సరిపోవచ్చు.

ఫోను ఏం చేయలేదు

ఇది కూడా అంతే గట్టిగా చెప్పుకోవాలి. ఫొటోకు వాసన ఉండదు. కుళ్లు వాసన డాక్టరుకు ఫోన్లో రాదు. పాదం వేడిగా ఉందా, చల్లగా ఉందా తెలియదు. పాదం పైన, చీలమండ వెనక నాడి కొట్టుకుంటోందో లేదో తెలియదు. పుండు ఎంత లోతు, ఎముక తగులుతోందా అన్నది తెలియదు. స్పర్శ ఉందో లేదో తెలియదు. చచ్చిన చర్మాన్ని, పుండు చుట్టూ కట్టిన ఆనెను తీసి శుభ్రం చేయడం ఫోను వల్ల కాదు. కట్టు కట్టడం అంతకన్నా కాదు.

కాబట్టి డాక్టరు కన్ను పట్నంలో ఉన్నా, ముట్టుకుని చూసే చెయ్యి ఊళ్లో ఉండాలి. ఆ చెయ్యి లేని టెలిమెడిసిన్ కాగితం మీది పథకమే.

ఇది మన ఊహ కాదు. డెన్మార్క్‌లో సుమారు 400 మంది షుగరు పుండు రోగులను రెండు జట్లుగా చేసి చూశారు. ఒక జట్టు ఆసుపత్రికి వస్తుంది, రెండో జట్టును ఎక్కువగా దూరం నుంచే చూస్తారు. 2015లో ఫలితాలు ప్రచురించారు. పుండు మానడంలో, కాలు పోవడంలో రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ దూరం నుంచి చూసిన జట్టులో మరణాలు ఎక్కువ కనిపించాయి. కారణం తేలలేదు, జాగ్రత్త అవసరమని పరిశోధకులే రాశారు. తర్వాత నార్వేలో 182 మందితో ఇలాంటి అధ్యయనమే జరిగి 2018లో ఫలితాలు వచ్చాయి. అక్కడ ఊరి నర్సు కట్టు మారుస్తుంది, ఫొటో, వివరాలు పెద్దాసుపత్రికి పంపుతుంది, వాళ్లు సలహా ఇస్తారు, మధ్యమధ్య రోగి ఆసుపత్రికీ వెళతాడు. పుండు మానే కాలంలో వెనకబాటు లేదు, కాలు కోల్పోయినవారు తక్కువ. ఊరి నర్సు, పెద్దాసుపత్రి, రోగి ముగ్గురూ కలిసి పనిచేస్తేనే ఫలితమని దీన్నిబట్టి మనం తీసుకోవాలి. డాక్టరు పోస్టులు ఖాళీగా ఉంచి వాటి బదులు ట్యాబ్ పెట్టి చేతులు దులుపుకుంటామంటే ఒప్పుకోకూడదు.

మన ఊళ్లో ఎలా చేయాలి

ఇంట్లో మొదలుపెడదాం. షుగరు ఉన్నవాళ్ల అరికాళ్లు, వేళ్ల సందులు ప్రతి రాత్రీ ఇంట్లో ఒకరు చూడాలి. చూసేవాళ్లు లేకపోతే అద్దం కింద పెట్టి చూసుకోవచ్చు. ఆనెలను బ్లేడుతో కోయకూడదు. స్పర్శ లేని పాదాన్ని వేడి నీళ్లలో పెట్టకూడదు, కాలినా తెలియదు. పుండు మీద పసుపు, కాఫీ పొడి, సున్నం, పొగాకు, పేడ పెట్టకూడదు. ఘాటైన మందులతో రోజూ కడిగితే కొత్తగా వచ్చే కండ కూడా చస్తుంది. కాచి చల్లార్చిన శుభ్రమైన నీళ్లు లేదా సెలైను చాలు.

ఫొటో తీసేటప్పుడు కట్టు విప్పి, కడిగి, పగటి వెలుతురులో తీయాలి. ఒకటి దగ్గర నుంచి, ఒకటి పాదం మొత్తం కనిపించేలా. పక్కన చిన్న స్కేలు పెట్టాలి, స్కేలు లేకపోతే ఎప్పుడూ ఒకే రూపాయి బిళ్ల పెట్టాలి. తేదీ చీటీ మీద రాసి పక్కనుంచాలి. ముఖం రాకూడదు. రోగి సరే అంటేనే తీయాలి. ఆ ఫొటో డాక్టరుకే పోవాలి, ఊరి వాట్సాప్ గ్రూపుల్లోకి పోకూడదు. మనిషి పరువు కూడా ఆరోగ్యంలో భాగమే.

ఒక లెక్క గుర్తుంచుకోండి. సరైన వైద్యం జరుగుతుంటే షుగరు పుండు నాలుగు వారాల్లో కనీసం సగానికి తగ్గాలి. తగ్గలేదంటే వైద్యం మార్చాలి, పెద్దాసుపత్రికి పంపాలి. "ఇంకో పది రోజులు చూద్దాం" అనే మాట అక్కడితో ఆపాలి.

డాక్టరు చెప్పే మాటల్లో మనకు అన్నింటికన్నా కష్టమైనది ఒకటుంది: ఆ కాలి మీద బరువు వేయకు. మందు సగం పని చేస్తే, బరువు తీయడం మిగతా సగం చేస్తుంది. అరికాలి పుండు మీద రోజూ నడుస్తూ పైన ఎంత ఖరీదైన మందు రాసినా బూడిదలో పోసిన పన్నీరే.

టెలిమెడిసిన్‌లో మన హక్కులూ తెలుసుకోవాలి. 2020 మార్చి 25న కేంద్రం విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం రిజిస్టర్ అయిన డాక్టరు మాత్రమే ఇలా వైద్యం చేయాలి. మందుల చీటీ ఇచ్చినప్పుడు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. నేరుగా చూడక తప్పదనిపిస్తే రమ్మని చెప్పాల్సిన బాధ్యత డాక్టరుదే. అంతా యంత్రం చూసుకుంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఫోను పక్కనపెట్టి బయలుదేరాల్సిన సూచనలు

ఇవి రాసుకోండి, రైతు సేవా కేంద్రం గోడ మీద, పాల కేంద్రం దగ్గర అంటించండి. పుండు చుట్టూ ఎరుపు వ్యాపిస్తుంటే. వేలు గానీ చర్మం గానీ నల్లబడితే. కుళ్లు వాసన, చీము వస్తే. జ్వరం, వణుకు వస్తే. ఉన్నట్టుండి షుగరు బాగా పెరిగితే. పుండు లేకపోయినా పాదం హఠాత్తుగా వాచి వేడెక్కితే. కాలు చల్లబడి, విశ్రాంతిలో కూడా నొప్పి పెడితే. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వీడియో కాల్ కోసం కూర్చోవద్దు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పత్తి తీత ఉందని, కోతలున్నాయని ఆగవద్దు.

మనం అడగాల్సినవి

ఒకటి. ప్రతి ఉపకేంద్రంలో, ఆంధ్రలో విలేజ్ క్లినిక్ అన్నా, తెలంగాణలో పల్లె దవాఖానా అన్నా, వారంలో ఒక రోజు పుండ్ల రోజుగా పెట్టాలి. ఆ రోజు దూరాన ఉన్న డాక్టరు కచ్చితంగా అందుబాటులో ఉండాలి. వారానికో కొత్త డాక్టరు కాకుండా అదే డాక్టరు ఉండాలి. పోయిన వారం పుండు చూసినవాళ్లకే ఈ వారం తేడా తెలుస్తుంది.

రెండు. ఏఎన్‌ఎంలకు, అక్కడి నర్సులకు పుండు కడగడం, కొలవడం, నాడి చూడటం, స్పర్శ పరీక్షించడం నేర్పాలి. స్పర్శ చూడటానికి సన్నని నైలాన్ తీగ చాలు, పెద్ద యంత్రం అక్కర్లేదు. ఇప్పటికే రిజిస్టర్లతో, యాప్‌లతో నలిగిపోతున్న ఆశా కార్యకర్తల మీద జీతం లేని మరో పని రుద్దవద్దు. పని పెంచితే పారితోషికం పెంచాలి.

మూడు. కట్టు గుడ్డ, సెలైను, పట్టీలు, షుగరు మాత్రలు, ఇన్సులిన్ నెలంతా ఉండాలి. మనకున్న ఆరోగ్య బీమా పథకాలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యానికి పెట్టినవి. కాలు తీయడానికి డబ్బుంటుంది, కాలు నిలబెట్టే కట్టుకు మాత్రం జేబులోంచి పెట్టుకోవాలి. ఈ తలకిందుల లెక్క మారాలి.

నాలుగు. చెప్పులు. కుష్టు నిర్మూలన కార్యక్రమంలో స్పర్శ లేని పాదాలకు మెత్తటి ఎంసీఆర్ చెప్పులు ఉచితంగా ఇస్తున్నారు. షుగరు వల్ల స్పర్శ పోయిన పాదాలకు కూడా ఇవ్వాలి.

ఐదు, అన్నింటికన్నా ముఖ్యమైనది, విశ్రాంతి భృతి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా పేరుతో ఒక పథకం పెట్టారు. ఆపరేషన్ అయినవారికి కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 వరకు ఇస్తామన్నారు. అంటే రోగి కూలి పోతుందని, ఆ నష్టం చూడాల్సింది ప్రభుత్వమేనని ఒకసారి ఒప్పుకున్నట్టే. ఆపరేషన్ అయ్యాక ఇచ్చేది, ఆపరేషన్ అవసరం రాకుండా ఉండటానికి ఎందుకు ఇవ్వకూడదు? కాలు కింద పెట్టొద్దని డాక్టరు రాసిస్తే, ఆ చీటీ మీదే కౌలు రైతుకు, కూలీకి భృతి రావాలి. భూమి పట్టా అడగకూడదు. ఇది లేకుండా "నడవకు" అని చెప్పడం, అన్నం లేనివాడికి పథ్యం చెప్పినట్టే.

ఈ నెల పని

మిత్రులారా, తీర్మానం రాసి ఊరుకుంటే పుండు మానదు. ఈ నెలలో ప్రతి గ్రామ కమిటీ ఒక పని చేయాలి. నెల దాటి మానని పుండు ఉన్నవాళ్లు ఊళ్లో ఎంతమందో ఇల్లిల్లూ తిరిగి, వాళ్ల ఇష్టంతో, జాబితా రాయాలి. ఆడవాళ్లను అడగడానికి మన మహిళా కార్యకర్తలు వెళ్లాలి. చీర అంచు కింద దాచుకున్న పుండును మగవాళ్లు అడిగితే చెప్పరు. షుగరు పరీక్ష చేయించుకోని వాళ్లను ఉపకేంద్రానికి తీసుకెళ్లాలి. అక్కడ ఈ-సంజీవని పనిచేస్తోందా, ఎంతసేపటికి డాక్టరు దొరికాడు, కట్టు సామాను ఉందా, ఇవి రాసుకోవాలి.

వచ్చే నెల ఆ కాగితాలన్నీ కలిపి జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారికి ఇద్దాం, కలెక్టరేట్ ప్రజావాణిలో పెడదాం. మద్దతు ధర కోసం ధర్నా చేసిన చోటే కట్టు గుడ్డ కోసం కూడా కూర్చుందాం. పంటకు తెగులు తగిలితే ఆకు తెంపి పట్టుకుని వ్యవసాయాధికారి దగ్గరికి పరుగెత్తుతాం. ఆ చేలో నిలబడే కాలికీ అంత శ్రద్ధ దక్కాలి.

జాబితా కాగితాలు మండల కార్యదర్శి దగ్గర ఉన్నాయి. ఊరికి రెండు చొప్పున తీసుకుని వెళ్లండి.